దుడుకుతనం ముందా, మత్తు ముందా?

ఆదోని దగ్గరి ఒక ఊరి నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న సారాంశం ఇది. పెద్దబ్బాయికి పదహారేళ్లు, కర్నూలులో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచీ కుదురు లేదు. అనుకున్నది ఆ క్షణంలో జరగకపోతే చేతికందిన వస్తువును విసిరికొడతాడు, ఆ తర్వాత గంటకే ఏడుస్తాడు. ఎనిమిదో తరగతిలో ఖైనీ మొదలైంది, తర్వాత సిగరెట్లు వచ్చాయి. ఈసారి సెలవులకు వచ్చినప్పుడు సంచిలో వైట్‌నర్ సీసాలు, తడి ఆరిన గుడ్డముక్కలు దొరికాయి. గంజాయి కూడా తాగానని తనే ఒప్పుకున్నాడు. ఇంట్లో తండ్రితో గొడవ జరిగిన ప్రతిసారీ బయటికి పోయి ఏదో ఒకటి చేసుకుని వస్తున్నాడు. కళాశాలలో ఒక లెక్చరర్ ఇది ‘ఇంపల్స్ కంట్రోల్ డిజార్డర్’ (తనను తాను ఆపుకోలేని రుగ్మత) అన్నారు. లారీ డ్రైవరైన భర్త ఇంటికి వచ్చినప్పుడల్లా కొడుతున్నారు, డీఅడిక్షన్ సెంటర్లో వేసేద్దామంటున్నారు. దుడుకుతనం వల్ల మత్తు అలవాటైందా, మత్తు వల్ల దుడుకుతనం వచ్చిందా, దీనికి మందులు వాడితే వాటికీ అలవాటు పడతాడా, ఇప్పుడేం చేయాలి, అన్నలాగే కుదురులేని తొమ్మిదేళ్ల చిన్నవాడి సంగతేమిటి అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, కర్నూలు, అనంతపురం జిల్లాల్లో మానసిక వైద్యుడిగా పనిచేస్తూ ఇటువంటి పిల్లలను, వారి తల్లిదండ్రులను చాలాకాలంగా చూస్తున్నవాడిగా సమాధానం చెబుతున్నాను. మీ మొదటి ప్రశ్నకు మీరు రాసిన వివరాల్లోనే జవాబు ఉంది. ఖైనీ ముట్టకముందే, చిన్నప్పటి నుంచే మీవాడు తనను తాను ఆపుకోలేకపోయేవాడు. అంటే నిగ్రహం లోపించడం ముందు, మత్తు తర్వాత. అయితే మత్తు ఒకసారి వచ్చి చేరాక, అంతకుముందు ఉన్న కొద్దిపాటి నిగ్రహాన్ని కూడా అది అరగదీస్తుంది. కాబట్టి ఇప్పుడు మీ ఇంట్లో కనిపిస్తున్న కోపంలో ఎంత వాడి స్వభావం, ఎంత వైట్‌నర్ చేసిన పని అన్నది విడదీసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. వైద్యం విషయంలో దీనివల్ల తేలేది ఒక్కటే. మత్తును మాత్రమే మాన్పించి, ఆపుకోలేనితనాన్ని అలాగే వదిలేస్తే, ఒక మత్తు పోయిన చోట ఇంకొకటి వచ్చి కూర్చుంటుంది. సిగరెట్ మానినవాడు గంజాయికి, గంజాయి మానినవాడు క్రికెట్ బెట్టింగ్ యాప్‌కి మారడం మన జిల్లాల్లో నేను తరచుగా చూసే సంగతి.

దుడుకుతనం అని మనం ఒక్క మాటతో తేల్చేసేది నిజానికి ఒకే గుణం కాదు. కొంతమంది పిల్లలు కొత్తదనం కోసం, పులకింత కోసం ప్రమాదం వైపు వెళతారు. బైకు మీద ముందు చక్రం పైకి లేపేవాళ్లు, కాలువ వంతెన మీదినుంచి దూకేవాళ్లు ఈ రకం. కొంతమంది ఏం జరుగుతుందో ఆలోచించకుండానే పని చేసేస్తారు. మొదలుపెట్టిన పనిని చివరిదాకా పట్టుకోలేనివాళ్లు కొందరు. నాలుగో రకం పిల్లలు మామూలు వేళల్లో బాగానే ఉంటారు, కానీ కోపమో అవమానమో దిగులో తన్నుకొచ్చినప్పుడు మాత్రం ఆ బాధను ఒక్క నిమిషం కూడా ఓర్చుకోలేరు, అది తగ్గడానికి చేతికి ఏది దొరికితే అది చేసేస్తారు. 2001లో వైట్‌సైడ్, లైనమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ నాలుగు తీరులనూ విడివిడిగా కొలవాలని ప్రతిపాదించారు. అప్పటినుంచి జరిగిన పరిశోధనల్లో మత్తు వల్ల ఇబ్బందుల్లో పడటంతో ఎక్కువ గట్టిగా ముడిపడి కనిపించేది ఈ నాలుగో రకమే. పులకింత కోరేవాడు మత్తును రుచి చూడవచ్చు, స్నేహితులతో తాగవచ్చు, చాలామంది అక్కడే ఆగిపోతారు కూడా. బాధను ఓర్చుకోలేక మత్తును వెతికేవాడు ఒంటరిగా, చాటుగా, మళ్లీ మళ్లీ వాడతాడు. తండ్రితో గొడవ జరిగిన ప్రతిసారీ బయటికి పోతున్నాడని మీరు రాసిన ఒక్క వాక్యం, సంచిలో దొరికిన సీసాలన్నిటికంటే నాకు ఎక్కువ చెప్పింది.

పదహారేళ్ల వయసే ఇందుకు అనుకూలమైన వయసు. నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రాంటల్ కార్టెక్స్ అనే మెదడు భాగం ముందుచూపుకు, తూకం వేసి నిర్ణయించడానికి, వచ్చిన కోరికను ఆపడానికి ఆధారం. అది పూర్తిగా ఎదిగేసరికి ఇంచుమించు ఇరవై అయిదేళ్లు వస్తాయి. సుఖాన్ని, బహుమతిని, ఉద్రేకాన్ని పసిగట్టి డోపమైన్ అనే మెదడు రసాయనంతో స్పందించే లోపలి భాగాలు మాత్రం యుక్తవయసు మొదలవగానే ఉరకలెత్తుతాయి. తుంగభద్ర దిగువ కాలువకు నీళ్లు వదిలేశాక తూములకు షట్టర్లు బిగించడం మొదలుపెట్టినట్టు ఉంటుంది ఈ పదేళ్ల కాలం. అందరు పిల్లల్లోనూ ఇది ఇంతే. పుట్టుకతోనే షట్టరు వదులుగా ఉన్న పిల్లల్లో ఇబ్బంది రెట్టింపవుతుంది. పక్కన తోటివాళ్లు ఉంటే ఇంకా ఎక్కువ. 2005లో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు కారు నడిపే కంప్యూటర్ ఆట ఆడించి చూసినప్పుడు, స్నేహితులు చూస్తున్నారంటే పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలు తీసుకున్న ప్రమాదాలు ఇంచుమించు రెండింతలయ్యాయి. పెద్దవాళ్లలో మాత్రం ఎవరు చూసినా చూడకపోయినా తేడా రాలేదు. ‘వాళ్ల సావాసమే చెరిపింది’ అని మన తల్లులు అనే మాటలో సగం నిజం ఉంది. మిగతా సగం, ఆ సావాసాన్ని ఎంచుకున్నది కూడా ఆ ఆపుకోలేనితనమే.

ఏది ముందు అన్నదానికి నా అనుభవం కంటే గట్టి సాక్ష్యం ఉంది. న్యూజిలాండ్‌లోని డునెడిన్ నగరంలో 1972–73లో పుట్టిన సుమారు వెయ్యి మంది పిల్లలను పరిశోధకులు దశాబ్దాలుగా గమనిస్తూ వస్తున్నారు. మూడేళ్ల నుంచి పదకొండేళ్ల లోపు వారి నిగ్రహాన్ని తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పరిశీలకులు, ఆ పిల్లలు చెప్పినదాన్నిబట్టి కొలిచి ఉంచారు. వారికి 32 ఏళ్లు వచ్చేసరికి చూస్తే, చిన్నప్పుడు నిగ్రహం తక్కువగా ఉన్నవారిలో మత్తుకు బానిసలైనవారు, అప్పుల్లో పడ్డవారు, నేరాల్లో చిక్కుకున్నవారు ఎక్కువ. ఇంటి ఆదాయాన్ని, తెలివితేటలను లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. 2011లో అచ్చయిన ఆ ఫలితాల్లో తల్లిదండ్రులు గుర్తుంచుకోవలసినవి ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి, నిగ్రహం తక్కువైన పిల్లలు కౌమారంలో చేసే కొన్ని పనులు, అంటే పదిహేనేళ్లకే పొగతాగడం, చదువు మధ్యలో ఆపేయడం వంటివి, ఉచ్చుల్లా బిగుసుకుని వారిని జీవితాంతం వెనక్కి లాగుతున్నాయి. రెండు, ఎదిగేకొద్దీ నిగ్రహం మెరుగుపడిన పిల్లలు, చిన్ననాటి లెక్కనుబట్టి ఊహించినదానికంటే బాగున్నారు. అంటే చిన్ననాటి గుణం నొసటి రాత కాదు.

జంతువుల్లోనూ, కుటుంబాల్లోనూ ఇదే వరుస కనిపిస్తుంది. 2007లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు, కొకైన్ ఎన్నడూ ఎరుగని ఎలుకల్లో తొందరపాటు ఎక్కువగా ఉన్నవాటిని ముందే గుర్తించారు; వాటి మెదడులో డోపమైన్‌ను అందుకునే ఒక రకం గ్రాహకాలు అప్పటికే తక్కువగా ఉన్నాయి, తర్వాత కొకైన్ అందుబాటులో ఉంచితే ఆ ఎలుకలే దాన్ని ఎక్కువగా తీసుకున్నాయి. 2012లో అదే విశ్వవిద్యాలయం వారు మత్తుకు బానిసలైనవారిని, ఎన్నడూ బానిసలు కాని వారి సొంత అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను పక్కపక్కన పరీక్షించారు. చేస్తున్న పనిని సంకేతం రాగానే ఆపే పరీక్షలో ఇద్దరూ ఒకేలా తడబడ్డారు. గుణం ఇంటిల్లిపాదిదీ, వ్యసనం మాత్రం కొందరిదే. మీ చిన్నవాడి గురించి మీరు అడిగినదానికి దీనితో సంబంధం ఉంది కాబట్టి చివర్లో మళ్లీ ఈ విషయానికి వస్తాను.

ఇక మత్తు తిరిగి నిగ్రహాన్ని ఎలా దెబ్బతీస్తుందన్నది. మద్యం తాగిన కాసేపటికే నుదుటి భాగం పట్టు సడలుతుంది. ఇది అందరూ ఎరిగినదే. గంజాయిని కౌమారంలో తరచుగా తాగేవారిలో ఏకాగ్రత, జ్ఞాపకశక్తి మందగిస్తాయి, ఎప్పటికో వచ్చే ఫలం కోసం ఇప్పుడు శ్రమపడే ఓపిక సన్నగిల్లుతుంది. కుటుంబంలో తీవ్ర మానసిక వ్యాధులు ఉంటే సైకోసిస్ (నిజానికీ భ్రమకూ తేడా తెలియని స్థితి) ప్రమాదం కూడా పెరుగుతుంది. ఖైనీని చాలా ఇళ్లల్లో చిన్న విషయంగా చూస్తారు, తండ్రే దుకాణానికి పంపి తెప్పించుకుంటాడు. కానీ నికోటిన్ ఎదుగుతున్న మెదడుపై పనిచేసే పదార్థమే. పైగా గంటకోసారి కోరికను పుట్టించి, పుట్టిన వెంటనే తీర్చుకోవడాన్ని పిల్లవాడికి రోజూ అభ్యాసం చేయించేది అదే.

వైట్‌నర్ గురించి కొంచెం నిలిచి చెప్పాలి, ఎందుకంటే మీ ఇంట్లో ఇప్పుడు తక్షణ ప్రమాదం అదే. వైట్‌నర్, పంక్చర్ సొల్యూషన్, కొన్ని రకాల జిగురులు, థిన్నర్లలో టోలీన్ వంటి ద్రావకాలు ఉంటాయి. ఢిల్లీ ఎయిమ్స్ వారు కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం జరిపి 2019లో వెలువరించిన దేశవ్యాప్త సర్వేలో, పెద్దవాళ్లకంటే పిల్లల్లోనే ఎక్కువగా ఉన్నట్టు తేలిన ఏకైక మత్తు ఇదే: పదేళ్ల నుంచి పదిహేడేళ్ల లోపు వారిలో 1.17 శాతం, పెద్దవారిలో 0.58 శాతం. కారణం తేలికైనది. ఇది స్టేషనరీ దుకాణంలో, సైకిల్ షాపులో దొరుకుతుంది, చవక, పుస్తకాల సంచిలో ఉన్నా ఎవరూ అనుమానించరు, పీల్చిన క్షణాల్లో తలకెక్కుతుంది. ఆగలేని పిల్లవాడికి అంతకంటే అనువైనది లేదు. దీర్ఘకాలం వాడితే నరాలను, చిన్నమెదడును, మూత్రపిండాలను, ముఖ్యంగా మెదడులోని తెల్లపదార్థాన్ని దెబ్బతీస్తుంది. అంతకంటే భయంకరమైనది ఆకస్మిక మరణం. ఈ ద్రావకాలు గుండెను అడ్రినలిన్‌కు అతిగా స్పందించేలా చేస్తాయి; ఆ స్థితిలో పిల్లవాడు ఒక్కసారిగా బెదిరినా, పరుగెత్తినా గుండె లయ తప్పి అక్కడికక్కడే ఆగిపోవచ్చు, అది మొదటిసారి పీల్చిన పిల్లవాడికైనా జరగవచ్చు. అందువల్ల మీ అబ్బాయి పీలుస్తూ దొరికితే అరవకండి, వెంటబడి తరమకండి, ఆ సమయంలో కొట్టకండి. మెల్లగా పలకరించి, గాలి ఆడే చోటికి తీసుకువచ్చి, కూర్చోబెట్టి, చేతిలోది తీసేయండి. స్పృహ తప్పితే వెంటనే 108కి ఫోన్ చేయండి. ఈ ముక్క మీ భర్తకు మీరే చదివి వినిపించాలని నా మనవి.

లెక్చరర్ గారు వాడిన పేరు విషయం. మానసిక వైద్యుల వర్గీకరణలో ‘ఇంపల్స్ కంట్రోల్’ పేరుతో ఉన్న విభాగంలో పట్టలేని కోపంతో విరుచుకుపడే రుగ్మత, అవసరం లేకపోయినా దొంగతనం చేయాలనిపించే రుగ్మత, నిప్పు పెట్టాలనిపించే రుగ్మత, మొండి ధిక్కారం, ఇతరుల హక్కులను తొక్కేసే నడవడి రుగ్మత వంటివి ఉన్నాయి. జూదవ్యసనాన్ని 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం ఆ విభాగంలోనుంచి తీసి మత్తు వ్యసనాల పక్కన చేర్చింది. రెండింటి మూలం ఎంత దగ్గరో దీన్నిబట్టి అర్థమవుతుంది. అయితే మీరు రాసినదాన్నిబట్టి మీ అబ్బాయికి ముందుగా పరీక్షించవలసినది వీటిలో ఏదీ కాదు, ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కలిసి ఉండే ఏడీహెచ్‌డీ. కుదురులేకపోవడం, వరుస తప్పి మాట్లాడటం, ఏ పనీ పూర్తి చేయలేకపోవడం పన్నెండేళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ కనిపిస్తే దాన్ని అనుమానిస్తాం. ఈ లక్షణాలున్న పిల్లలు పెద్దయ్యాక మత్తుకు లోనయ్యే అవకాశం, లేనివారికంటే ఒకటిన్నర నుంచి మూడు రెట్ల వరకు ఉంటుందని అనేక అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణలు చెబుతున్నాయి. దానికి నడవడి రుగ్మత కూడా తోడైతే అది ఇంకా పెరుగుతుంది. మన ఊళ్లల్లో ఈ పిల్లలకు ‘అల్లరోడు’, ‘మొండోడు’ అనే పేర్లే తప్ప పరీక్ష ఉండదు. దిగులు జబ్బు, చదవడం రాయడంలో ఉండే లోపాలు, నిద్రలేమి కూడా ఇలాగే కనిపిస్తాయి కనుక వాటినీ చూడాలి.

మందులకు అలవాటు పడతాడేమోనన్న మీ భయం సహజమైనది. ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ ఉత్తేజకం, చట్టప్రకారం నియంత్రణలో ఉన్న మందు. అయినా చిన్నతనంలో ఆ మందు వాడినవారిని పెద్దయ్యాక గమనించిన అధ్యయనాల్లో మత్తు వ్యసనాలు పెరగలేదు. కొన్నింటిలో తగ్గినట్టు కూడా కనిపించింది. మీవాడు ఇప్పటికే మత్తు వాడుతున్నాడు కాబట్టి, అదీ హాస్టల్లో ఉంటున్నాడు కాబట్టి, నేనైతే దుర్వినియోగానికి వీల్లేని అటమాక్సెటీన్ వంటి మందును ముందు ఆలోచిస్తాను. దాని ఫలితం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది. పది రోజులకే ‘గుణం లేదు’ అని ఆపేయకూడదు. ఏ మందైనా పెద్దవాళ్ల చేతిలో ఉండాలి, పిల్లవాడి పెట్టెలో కాదు.

మందు ఒక్కటే చాలదు. ఆపుకోలేని పిల్లవాడికి ‘ఆపుకో’ అని చెప్పడం కంటే, కోరికకూ వస్తువుకూ మధ్య దూరం పెంచడం ఎక్కువ పనిచేస్తుంది. తీవ్రమైన కోరిక ఎంతసేపో నిలవదు, చాలాసార్లు పది, ఇరవై నిమిషాల్లో దిగిపోతుంది. ఆ ఇరవై నిమిషాల్లో జేబులో డబ్బు, గల్లీ చివర దుకాణం, ఫోన్లో పిలిచే స్నేహితుడు లేకపోతే సగం గండం గడిచినట్టే. కాబట్టి హాస్టలుకు నెలకోసారి మొత్తంగా డబ్బు పంపకండి. వారానికోసారి, అవసరమైన ఖర్చుకు తగినంతే, వీలైతే నేరుగా మెస్సుకూ పుస్తకాల దుకాణానికీ చెల్లించండి. రాత్రి ఫోను ఇంటి పెద్దల దగ్గర ఉండాలి. నిద్ర తక్కువైతే నిగ్రహం మరుసటి రోజే పడిపోతుంది, ఇది ఏ వయసువారికైనా వర్తిస్తుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేపి రాత్రి పదకొండుదాకా చదివించే పద్ధతి ఇటువంటి పిల్లలకు విషం. అబ్బాయిని హాస్టలుకు తిరిగి పంపడమా, మాన్పించి ఆదోనిలోనే చదివించడమా అన్న మాట వస్తే నేను రెండోదానివైపే మొగ్గుతాను, అయితే ఇంట్లో కొట్లాట తగ్గుతుందన్న షరతు మీద. చదువు మాత్రం ఆపవద్దు.

కొట్టడం గురించి నీతిగా కాక లెక్కగా చెబుతాను. మీ అబ్బాయి అవమానాన్ని ఓర్చుకోలేక మత్తు వైపు పోతున్నాడు. కొట్టిన ప్రతి దెబ్బ ఆ అవమానాన్ని తిరిగి పుట్టిస్తుంది. అంటే మత్తుకు కారణాన్ని మనమే అందిస్తున్నాం. దానికి బదులు, వాడు చల్లబడి ఉన్న వేళ, ముగ్గురూ కూర్చుని ముందుగా ఒక ఒప్పందం చేసుకోండి: కోపం వచ్చినప్పుడు మేడ మీదికి పోతాడు, లేదా మేనమామ ఇంటికి పోతాడు, ఆ సమయంలో ఎవరూ వెనకాల పోరు, అరగంట తర్వాత మాట్లాడుకుంటారు. మత్తు లేకుండా గడిచిన వారానికి చిన్నదైనా కచ్చితమైన ప్రతిఫలం అదే వారం ఇవ్వండి. ‘ఇంటర్ పాసైతే బైకు కొనిస్తా’ అనేది ఈ పిల్లలకు పనికిరాదు. రెండేళ్ల తర్వాతి బైకు వాళ్ల మెదడుకు అసలు కనిపించదు. ఆదివారం దోసె, క్రికెట్ మ్యాచ్, కొత్త బంతి కనిపిస్తాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలనిపిస్తోంది. మన సీమలో ఏళ్ల తరబడి తాగినవాళ్లు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టకుండా ఉండటం, రంజాన్ నెలంతా బీడీ అలవాటున్నవాళ్లు పగలు దాన్ని తాకకుండా ఉండటం మీరూ చూసే ఉంటారు. సంకల్పబలం లేనివాళ్లని మనం కొట్టిపారేసినవాళ్లే వీళ్లు. ఆ రోజుల్లో తెల్లవారుజామున లేచే వేళ, తినేది, తిరిగే మనుషులు, పిలిచే పిలుపు అన్నీ మారతాయి. ఎదుటివాళ్లంతా ‘స్వామీ’ అని గౌరవిస్తారు. మాల తీసిన మరునాడు పాత మనుషులు, పాత వేళలు తిరిగి వస్తాయి కనుక చాలామంది మళ్లీ మొదలుపెడతారు. దీక్షలో ఉన్న తండ్రికి ఒక చిన్న సలహా ఇస్తుంటాను: మాల తీసే వారంలోనే వైద్యుని దగ్గరకు రండి, ఆపిన స్థితిలో ఉన్నప్పుడే మిగతా వైద్యం మొదలుపెడదాం. మీ ఇంట్లో తండ్రి కూడా ఖైనీ వేస్తుంటే, కొడుకుతో పాటు ఆయన కూడా మానడానికి సిద్ధపడితే, నేను రాసే ఏ మందుకంటే అది మేలు.

పని కోసం వలస పోయే కుటుంబాల్లో ఇది అంత సులభం కాదని నాకు తెలుసు. కోసిగి, మంత్రాలయం, ఆదోని మండలాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు పోయినప్పుడు పిల్లలు జేజి దగ్గరో, ఒంటరిగానో మిగిలిపోతారు. అడిగేవాళ్లు లేని ఆ నెలల్లోనే మొదటి సిగరెట్, మొదటి గుట్కా, సరిహద్దు అవతలి కర్ణాటక నుంచి వచ్చే టెట్రా ప్యాకెట్ మద్యం మొదలవుతాయి. లారీ మీద తిరిగే తండ్రి ఇంట్లో లేకపోయినా, రోజూ ఒకే వేళకు ఫోన్ చేసి అయిదు నిమిషాలు మాట్లాడితే, తిట్టకుండా మాట్లాడితే, దాని విలువ తక్కువేమీ కాదు.

మీరు చేయకూడనివి రెండున్నాయి. అన్నంలో, టీలో కలిపి ఇస్తే మద్యం మానతాడని చెప్పి అమ్మే పొడులను వాడకండి. వాటిలో డైసల్ఫిరామ్ అనే మందు ఉండవచ్చు, అది తెలియక మద్యం తాగితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గంజాయికీ వైట్‌నర్‌కీ అది పనిచేయదు కూడా. రెండోది, బజారులో దొరికే మూత్ర పరీక్ష కిట్లతో రోజూ పోలీసు పని చేయకండి. వైట్‌నర్ వాటిలో కనిపించదు, గంజాయేమో తరచుగా తాగినవారిలో మానిన తర్వాత కూడా వారాల తరబడి కనిపిస్తుంది. నిజంగా మానిన పిల్లవాడిని అబద్ధాలకోరుగా నిలబెడితే ఆ ఇంట్లో ఇంక వైద్యం సాగదు.

డీఅడిక్షన్ సెంటర్ విషయంలో మీ భర్త తొందరపడుతున్నారు. ఇంట్లో ఉంచి చూపించడానికి వీల్లేనంత ప్రమాదం ఉంటే తప్ప పదహారేళ్లవాడిని చేర్చనవసరం లేదు. చేర్చవలసి వస్తే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనర్లను పెద్దవారితో కలపకుండా వేరుగా ఉంచాలి, చేరిన కాలమంతా తల్లిదండ్రుల్లో ఒకరో, వారు నియమించిన సహాయకుడో వెంట ఉండాలి. ‘మీరు వెళ్లిపోండి, మూడు నెలల తర్వాత రండి’ అనే చోటు, నమోదు పత్రం చూపించని చోటు, కట్టేసే చోటు మీకు వద్దు. ముందు కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగానికి రండి. అనంతపురం, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ ఈ విభాగం ఉంది. బయల్దేరేలోపు మాట్లాడటానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీమానస్ నంబరు 14416, మత్తు విముక్తికి జాతీయ సహాయ నంబరు 14446 ఉన్నాయి. వచ్చేటప్పుడు అబ్బాయి ప్రాథమిక పాఠశాల నాటి ప్రోగ్రెస్ కార్డులు, ఉపాధ్యాయులు రాసిన మాటలు దొరికితే తెచ్చుకోండి. ఏడీహెచ్‌డీ నిర్ధారణకు వాటికి మించిన ఆధారం ఉండదు.

వైద్యానికి వస్తే పోలీసు కేసు అవుతుందన్న భయం చాలామందికి ఉంటుంది. వైద్యుడు రోగి విషయాలను గోప్యంగా ఉంచాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఏ అనే సెక్షను, వ్యసనంలో ఉండి స్వచ్ఛందంగా ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో వైద్యం కోరినవారికి, వాడకానికి లేదా కొద్ది మొత్తానికి సంబంధించిన కేసుల నుంచి రక్షణ కల్పిస్తుంది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు మత్తు పదార్థం ఇచ్చినవారికి మాత్రం 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షను కింద ఏడేళ్ల వరకు కఠిన శిక్ష ఉంది. అబ్బాయికి గంజాయి ఎవరిచ్చారో తెలిస్తే 1972 నంబరుకు ఫోన్ చేసి మాదకద్రవ్యాలను అరికట్టే రాష్ట్ర ఈగిల్ విభాగానికి చెప్పవచ్చు. అబ్బాయి చేత బలవంతంగా పేర్లు చెప్పించడం మాత్రం ఇప్పుడు వద్దు.

చిన్నవాడి సంగతి. అన్న గుణం వాడిలో ఉండవచ్చు, తొందరపాటు గుణంలో సుమారు సగం వంశపారంపర్యమే. కానీ కేంబ్రిడ్జ్ పరిశోధనలో బానిసలు కాని అన్నదమ్ముల్లోనూ అదే గుణం ఉండిందని చెప్పాను కదా. తొమ్మిదేళ్ల వయసు మంచి సమయం. 1980లలో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒకటో తరగతి పిల్లలను జట్లుగా విడదీసి, జట్టంతా కాసేపు నిబంధన పాటిస్తే చిన్న బహుమతి ఇస్తూ, ఆ సమయాన్ని క్రమంగా పెంచుతూ పోయిన ఒక తరగతి గది ఆటను ప్రయోగించారు. వారికి ఇంచుమించు ఇరవై ఏళ్లు వచ్చాక చూస్తే, ముఖ్యంగా చిన్నప్పుడు దుడుకుగా ఉన్న మగపిల్లల్లో మత్తు వ్యసనాలు తక్కువగా ఉన్నాయి. ఇంట్లో మీరు చేయగలిగింది కూడా దాదాపు ఇదే: వాడు ఆగగలిగేంత చిన్న వ్యవధితో మొదలుపెట్టి, ఆగినప్పుడు వెంటనే మెచ్చుకోవడం, చెప్పిన మాట తప్పకుండా ఇచ్చేయడం. ఇస్తానన్నది ఇవ్వని ఇంట్లో ఆగి చూడటం పిల్లవాడికి నష్టమే కదా. వాడి ముందు అన్నను ‘చెడిపోయినోడు’ అనకండి. అన్నను చూపించడానికి వచ్చిన రోజే వాడినీ వెంట తీసుకురండి, ఏడీహెచ్‌డీ పరీక్ష ఇద్దరికీ ఒకేసారి చేయవచ్చు.